వెండెల్ క్రోగ్ గారి చేతులు

2014వ సంవత్సరం అక్టోబరు ఇరవై ఆరవ తేదీ, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, లారమీ పట్టణానికి పడమరగా ఉన్న కాటన్‌వుడ్ బెండ్ అనే చక్రాల ఇళ్ళ శిబిరంలో, నాడీన్ ఫాసమ్ వెళ్ళి వెండెల్ క్రోగ్ గారి తలుపు తట్టింది. రాత్రంతా కురిసిన మంచు అప్పుడే వెలిసింది. గాలి మాత్రం వెలియలేదు. వయోమింగు గాలికి ఆగడమనే అలవాటు మొదటినుంచీ లేదు. మంచుకి రహదారి మూసేసి గేట్లు వేసేశారు. శిబిరంలో మంచినీటి గొట్టాలు ఇనుపకడ్డీల్లా బిగిసిపోయాయి. తలుపు తెరుచుకుంది. తెరిచినది చేయి కాదు, మోచేయి.

ఈ ఒక్క సంగతి చెబితే ఆయనను గురించి సగం చెప్పినట్టే. వెండెల్ క్రోగ్ గారు జేబుల్లోనుంచి చేతులు తీయరు. ఎనభయ్యో ఏడు సమీపిస్తున్న ఆ పెద్దమనిషి శిబిరమంతటికీ హీటర్ల వైద్యుడు. ఎవరి ఇంటి బండిలో హీటరు మూలిగినా, దగ్గినా, మంచాన పడినా, కబురందిన మరుక్షణం మంచులో బూట్లు ఈడ్చుకుంటూ వచ్చి నిలబడేవారు. నిలబడేవారు, అంతే. రెండు చేతులనూ తమ వదులు ఓవరాలు జేబుల్లో మణికట్టుదాకా పూడ్చి, గడ్డంతో చూపించి, ముక్కుతో సూచించి, అవసరమైతే బూటుమొనతో తట్టి, సమస్తమూ ఆ బండివారి చేతనే విప్పించి, తుడిపించి, బిగింపజేసి, మంట రాగానే "ఊ" అని వెళ్ళిపోయేవారు. ఒక్క మర తాము తిప్పిన పాపాన పోలేదు.

ఆయనకు అసలు చేతులు లేవని అపోహపడడానికి వీలు లేదు. శిబిరంలో ఉమ్మడి భోజనం జరిగిన ప్రతిసారీ ఆ చేతులు రెండూ జేబుల్లోనుంచి వెలువడి, బల్ల ఆ చివరనున్న గిన్నెనుకూడా ఈ చివరనుంచి అందుకొనేవి. పది వేళ్ళూ నిక్షేపంగా ఉన్నట్టు అప్పుడే అందరూ పోల్చుకొనేవారు. భోజనం ముగియగానే అవి మళ్ళీ తమ గుహలలోకి వెళ్ళిపోయేవి.

ఈ విడ్డూరానికి కారణమేమిటన్న విషయమై శిబిరంలో రకరకాల వాదాలుండేవి. పక్కబండి కోరా మెల్టన్ ఉద్దేశం ప్రకారం అది చనిపోయిన భార్యకు ఇచ్చిన మాట. ఏ మాట అని అడిగితే మాత్రం ఆమె కళ్ళు తుడుచుకొని కాఫీ పోసేది. ఆయన యావజ్జీవం హీటర్లు బిగించి బిగించి విసిగిపోయాడని కొందరు, పుట్టు సోమరి అని ఎక్కువమంది.

ఒకసారి పళ్ళ డాక్టరొకాయన, ఉద్యోగం విరమించి కొత్తగా కొన్న బండితో వచ్చి, మొదటి చలికే హీటరు పాడుచేసుకున్నాడు. వెండెల్ గారు ఆయనను బండి వెలుపలి గొట్టం ముందు, మంచుబురదలో వెల్లకిలా పడుకోబెట్టారు.

"లోపలికి చూడు డాక్టరూ."

"ఇరుగ్గా ఉందండీ. చీకటి."

"ముప్పై ఏళ్ళు ఇరుకు చీకట్లలోకి చూసే కదయ్యా తిన్నావు. చూడు."

"ఏదో మట్టిముద్దలా ఉంది. కందిరీగల గూడనుకుంటాను."

"మరి పీకు. నొప్పెడుతుందని అది చెప్పదులే."

డాక్టరు పీకాడు. పెద్ద దవడపన్నంత గూడు. దానిని సీసాలో పెట్టుకొని, తాను వృత్తిలో పీకిన వేలాది పళ్ళను గురించి ఏనాడూ చెప్పనంత గొప్పగా, కనబడినవారికల్లా చూపించుకుంటూ దేశమంతా తిరిగాడు. ఆ రోజు బురదలో పడుకున్నందుకు వచ్చిన జలుబు వారంపాటు ఉన్నా, దానిని గురించి ఒక్కమాట అనలేదు.

నాడీన్ సంగతి వేరు. ఆమెకు అరవై నాలుగేళ్ళు. భర్త హార్లన్‌తో కలిసి పదకొండేళ్ళుగా తమ బండిలోనే కాపురం. వేసవి ఇక్కడ, శీతాకాలం మిగతా బండ్లతో బారుకట్టి ఎరిజోనా ఎడారిలో. బండి నడపడం ఆమెకు బాగా వచ్చు. కొండదారిలో స్టీరింగు ఆమె పట్టుకుంటే హార్లన్ నిద్రపోయేవాడు. కాని బండి కడుపులో ఏముందో ఆమె ఎరుగదు. హార్లన్ ఆమెను ఎన్నడూ స్క్రూడ్రైవరు పట్టనివ్వలేదు. "నువ్వు కూర్చో, నేనున్నాగా" అనేవాడు. ఏప్రిలు నెలలో గుండె ఆగి హార్లన్ వెళ్ళిపోయాడు. ఆమె అలాగే కూర్చొని ఉంది.

నెబ్రాస్కాలో ఉన్న అన్నగారు లైల్, బండి అమ్మేసి తన ఇంటికి వచ్చి ఉండమని వేసవి పొడవునా ఫోనులో పోరుతూనే ఉన్నాడు. మంచివాడే, ప్రేమను కంగారు రూపంలో తప్ప చూపించలేనివాడు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు.

"మంగళవారం నేనొస్తున్నా చెల్లీ," అన్నాడు లైల్. "ఆ బండిలో నువ్వొక్కదానివీ చలికాలం బతకగలవని నాకు నమ్మకం కుదిరితే సరే, నీ దారిన నువ్వెళ్ళు. కుదరకపోతే తాళాలు నా చేతికిచ్చి నా ట్రక్కు ఎక్కుతావు. మళ్ళీ మాట మార్చకూడదు."

"మార్చను అన్నయ్యా," అంది నాడీన్. శనివారం సాయంకాలం వరకు ఆ మాట తేలికగానే ఉంది. ఆదివారం తెల్లవారేసరికి హీటరు చల్లగాలి కక్కుతోంది.

అప్పటివరకు వెండెల్ గారిని ఆమె భోజనాల బల్లల దగ్గర చూడడమే గాని, తలుపు తట్టడం అదే ప్రథమం. వెళ్ళేముందు కోరా హెచ్చరించింది: "ఏమే నాడీన్, కడుపునిండా తిని వెళ్ళు. ఆయన వస్తే పని నీది, సాయంత్రందాకా."

"హీటరు ఆగిపోయిందండీ వెండెల్ గారూ," అంది నాడీన్, వణుకుతూ.

"ఆగిపోయిందా, అలిగిందా?"

"రెంటికీ తేడా ఏంటండీ?"

"ఆగిపోతే కిక్కురుమనదు. అలిగితే ఏదో ఒకటి గొణుగుతుంది."

"గొణుగుతోంది. గాలి కొడుతోంది గాని వేడి లేదు."

"అయితే ప్రాణం ఉంది. పద అమ్మాయ్."

ఆమెను అమ్మాయ్ అని పిలిచి ఎవరైనా నలభై ఏళ్ళయివుంటుంది.

బండిలోకి రాగానే వెండెల్ గారు కుర్చీ చూసుకొని, హీటరుకు ఎదురుగా, సంగీత కచేరీకి వచ్చినవాడిలా స్థిరపడ్డారు. నాడీన్ హార్లన్ పనిముట్ల పెట్టె తెచ్చి ఆయన ఒడిలో పెట్టబోయింది. ఆయన మోకాళ్ళు పక్కకు జరిపారు. పెట్టె నేలమీద పడింది.

"నీ దగ్గరే ఉంచుకో. ముందు కళ్ళు మూసుకుని విను. గాలిమర తిరగాలి. కాసేపటికి టిక్కు టిక్కుమనాలి. ఆ తర్వాత బుస్సుమని మంట రావాలి. ఎంతవరకు వచ్చి ఆగుతోంది?"

ఆమె విన్నది. పదకొండేళ్ళు ఆ చప్పుళ్ళ పక్కనే నిద్రపోయి, అందులో వరస ఒకటి ఉన్నదని మొదటిసారి గమనించింది.

"గాలిమర తిరుగుతోంది. టిక్కు లేదు."

"గ్యాసు?"

"ఏమో. ఎలా తెలుస్తుంది?"

"వంటపొయ్యి వెలిగించు."

పొయ్యి నీలంగా, నిండుగా వెలిగింది. గ్యాసు ఉన్నట్టే.

"బ్యాటరీ నీరసపడితే గాలిమర మెల్లగా తిరుగుతుంది. ఆ గాలి చాలదు. మీటరు పట్టుకెళ్ళి చూసిరా."

బ్యాటరీ బండి వెలుపల, మెట్టు కింద ఉంది. మంచు తవ్వి, మూత తీసి, మీటరు తీగలు ఎర్రదాని మీద ఒకటి, నల్లదాని మీద ఒకటి ఆనించి, వచ్చిన అంకె పైకి అరిచింది. లోపలినుంచి "బాగుంది" అని వినబడింది. బాగుందన్నది బ్యాటరీయా, లోపల కుర్చీయా అన్నది ఆమెకు స్పష్టపడలేదు.

"ఇక మిగిలింది రేకు," అన్నారు వెండెల్ గారు ఆమె తిరిగి రాగానే. "లోపల పూరేకంత పల్చటి రేకు ఒకటుంటుంది. గాలి తగిలితే అది ఊగుతుంది. గాలి ఆడుతోందని అది సాక్ష్యం చెబితేగాని ఈ యంత్రం నిప్పు రాజెయ్యదు. నీ సాక్షి నోరు కట్టుకుని కూర్చున్నట్టుంది. గ్యాసు కట్టెయ్. కరెంటు తీసెయ్. విప్పు."

విప్పడం ఆరంభమయింది. మొదటి మర వచ్చింది. రెండవది బిగుసుకుపోయింది.

"కొంచెం దీన్ని తిప్పి పెట్టండి, మీకు పుణ్యముంటుంది."

"నా చేతులకి చలి అమ్మాయ్."

"నా చేతులకి కాదా?"

"నీవి కదుల్తున్నాయిగా. వెచ్చగానే ఉంటాయి."

ఆమె పళ్ళు బిగించి తిప్పింది. మర ఊడి, చేయి జారి, నేలమీద దొర్లుకుంటూ వెళ్ళి వెండెల్ గారి బూటు పక్కన ఆగింది. ఆయన వంగలేదు. మర బాగా కనబడేందుకు బూటు కొంచెం జరిపారు.

నాడీన్ నిదానస్తురాలు. భర్త చావును, అన్నగారి ఫోన్లను, కోరా ఓదార్పులను నోరెత్తకుండా భరించింది. ఆ బూటు జరపడాన్ని భరించలేకపోయింది.

"మిమ్మల్ని కన్నప్పుడు చేతులున్నాయో లేవో మీ అమ్మగారు చూసుకున్నారా?" అంది.

"చూసే ఉంటుంది. మా అమ్మ చాలా జాగ్రత్త మనిషి."

"ఆ జేబుల్లో ఏం దాచారండీ, బంగారమా?"

"వెచ్చదనం. ఎడమవైపు మర విప్పు."

ఆరు నెలల్లో మొదటిసారిగా నాడీన్‌కు కోపం వచ్చింది. ఆ కోపంతో ఎడమవైపు మర ఎప్పుడు ఊడిందో కూడా తెలియలేదు. మూత తీసి, దీపం పట్టి లోపలికి చూసింది. రేకు ఉన్నది. రేకుకు ఎర్రటి ఉన్ని పీచు చుట్టుకొని, గూడు కట్టి, కదలకుండా బంధించింది. ఆమె కుర్చీ ముందరి జాలీలోనుంచే హీటరు గాలి పీల్చుకుంటుంది. ఆ కుర్చీలో కూర్చొని ఏప్రిలు నుంచి అదేపనిగా ఎర్రశాలువా అల్లుతూ వచ్చింది.

వెండెల్ గారు ముక్కు ముందుకు చాచి చూశారు. "ఒకటి నువ్వల్లుకున్నావు. ఇంకోటి దానికల్లావు."

నవ్వాపుకోలేక నాడీన్ దీపం వదిలేసింది. పీచు ఒక్కొక్క పోగూ తీసి, రేకును వేలికొనతో ఊపి చూసి, మూత బిగించి, గ్యాసు విడిచి, మీట వేసింది. గాలిమర తిరిగింది. టిక్కు టిక్కుమంది. బుస్సుమంది. పాదాలకు వెచ్చని గాలి తగిలేసరికి ఆమె చేతులు తుడుచుకొంటూ అలాగే నిలబడిపోయింది.

"ఊ," అన్నారు వెండెల్ గారు. అని లేచి వెళ్ళలేదు. "ఆపు. మళ్ళీ విప్పు."

"ఎందుకు? పనిచేస్తోందిగా."

"పనిచేస్తున్నప్పుడు విప్పితేగాని ఎక్కడ ఏముందో కంగారులో కనబడదు. ఈసారి కరెంటు ఎక్కడినుంచి వస్తోందో కూడా చూస్తావు. తీగ పట్టుకుని పో."

ఆమె తీగ వెంటబడి, బట్టల అర కింద ఉన్న ఫ్యూజుల పెట్టె వరకు పాకుకుంటూ వెళ్ళింది. హార్లన్ ఎప్పుడూ బూట్లు అడ్డం పెట్టే ఆ చిన్న తలుపు వెనక రంగురంగుల ఫ్యూజులు బలపాల పెట్టెలా కనబడ్డాయి. హీటరుది నీలంది. మళ్ళీ విప్పింది, మళ్ళీ బిగించింది. వెండెల్ గారు మళ్ళీ అన్నారు. మూడవసారి ఆమె కళ్ళు మూసుకొని విప్పి, ఆయన గడ్డం కదిలేలోపల బిగించింది. అప్పుడాయనకు ఆకలి జ్ఞాపకం వచ్చింది. పొయ్యిమీద ఎర్రచిక్కుడు గింజల పులుసు ఉందని చెప్పగానే, రెండు చేతులూ జేబుల్లోనుంచి పరుగున వచ్చాయి.

"ఇప్పుడు చలి లేదా వాటికి?" అంది నాడీన్.

"గిన్నె వేడిగా ఉందిగా," అన్నారాయన, రెండోసారి వడ్డించుకొంటూ. మంగళవారం అన్నగారు వస్తున్న సంగతి, ఒప్పందం సంగతి ఆమె చెబుతుంటే తింటూ విన్నారు.

మంగళవారం ఉదయం లైల్ వచ్చాడు. పొడవాటి మనిషి, చెవుల టోపీ, దిగీదిగగానే చేతులు రుద్దుకుంటూ చెల్లెలిని కావలించుకొన్నాడు. బండిలోకి వచ్చాడు. వెచ్చగా ఉంది. నాడీన్ తెల్లవారుజామున దాల్చినచెక్క రొట్టెచుట్టలు కాల్చి, చక్కెరపాకం పోసి పెట్టింది. బండి అంతా ఆ వాసన.

"హీటరు ఆగిపోయిందని కోరా చెప్పింది ఫోన్లో," అన్నాడు లైల్, టోపీ తీయకుండానే.

"ఆగిపోయింది. బాగుచేశాను."

"చేయించావు."

"చేశానన్నయ్యా."

లైల్ జాలిగా నవ్వాడు. "సైకిలు చెయిన్ ఊడితే రోడ్డు మీద కూర్చుని ఏడ్చినదానివి నువ్వు. నేనొచ్చి ఎక్కిస్తేగాని ఇంటికి రాలేదు. ఇక్కడ ఎవరో ముసలాయన ఉన్నాడటగా హీటర్లకి. ఆయన నీతో ఎరిజోనా వస్తాడా?"

"రాడు."

"మరి ఎడారి రాత్రి గడ్డకట్టిపోతే ఎవరొస్తారు? వెచ్చగా ఉండడం గొప్పా? మా ఇంట్లో బీరువా లోపల కూడా వెచ్చగానే ఉంటుంది. భోంచేసి బయల్దేరదాం. గేట్లు తీశారు."

 మాట మార్చనని నాడీన్ మాట ఇచ్చి ఉంది. చేశానని ఎలా నిరూపించాలి? చెడని యంత్రాన్ని బాగుచేసి చూపించడం ఎలాగో వెండెల్ గారు కూడా చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం శిబిరపు హాలులో ఉమ్మడి భోజనం. సగం రొట్టెచుట్టలు పళ్ళెంలో పెట్టుకొని, మిగతావాటిమీద గుడ్డ కప్పి, అన్నాచెల్లెళ్ళు వెళ్ళారు. ఆనాడు హాలులో ఒక అపూర్వమైన సంఘటన జరిగింది. వడ్డన మొదలయ్యే వేళకు వెండెల్ గారు రాలేదు. పులుసు గిన్నె బల్ల చుట్టూ తిరిగి సగమయినాక, వగర్చుకుంటూ, మంచు దులుపుకుంటూ వచ్చి కూర్చున్నారు.

"ఒంట్లో బాగాలేదా?" అని కోరా ఆయన నుదురు పట్టి చూడబోయింది.

"దారిలో జారాను," అన్నారు వెండెల్ గారు. ఆకలి లేనట్టు ఒక్క చుట్టే తీసుకున్నారు. అది కూడా అపూర్వమే.

భోజనం ముగిసి, పిలవకుండానే వెండెల్ గారు కూడా వెంటరాగా, ముగ్గురూ నాడీన్ బండికి వచ్చేసరికి లోపల ఊపిరి ఆవిరిగా కనబడుతోంది. కిటికీ అద్దాల మీద మంచు పూత పోసింది.

లైల్ టోపీ చెవులమీదికి లాక్కొన్నాడు. అతని ముఖంలో గెలిచిన సంతోషం లేదు. అందుకే మాట మరీ గట్టిగా తగిలింది. "చూశావా చెల్లీ. బాగుచేసినాయన అటు తిరగ్గానే ఇది పడుకుంది. తాళాలివ్వు."

నాడీన్ వెండెల్ గారివైపు తిరిగింది. "మీరైనా చెప్పండి."

ఆయన చేతులు ఎప్పటిలాగే జేబుల్లో ఉన్నాయి. చూపు కిటికీలోనుంచి దూరాన ఎక్కడో ఉంది. "ఏముంది చెప్పడానికి," అన్నారు. "ఆగిపోయింది. ఒంటరి మనిషికి చలికాలం కష్టమే. మీ అన్నయ్య సబబుగానే మాట్లాడుతున్నారు."

ఆదివారం బూటు జరిపినందుకు వచ్చిన కోపం దీనిముందు ఎంత. నాడీన్ శాలువా విసిరికొట్టింది. "ఇద్దరూ అవతలికి జరగండి," అంది. ఆ గొంతు లైల్ చిన్నప్పటినుంచి వినలేదు. అతను జరిగాడు. వెండెల్ గారు ఆమె చెప్పకముందే జరిగి ఉన్నారు.

ఆమె మీట వేసి, కళ్ళు మూసుకొని విన్నది. గాలిమర లేదు. టిక్కు లేదు. గొణుగుడు లేదు. కిక్కురుమనలేదు.

"అలగలేదు," అంది, తనలో తాను. "ఆగిపోయింది."

"ఏంటంటున్నావు?" అన్నాడు లైల్.

"గాలిమరే తిరగట్లేదు. రేకుదాకా పోనక్కర్లేదు. కరెంటు రావట్లేదు." పైనున్న దీపం వేసింది, వెలిగింది. "బ్యాటరీ బానే ఉంది. అయితే దీనికొక్కదానికే రావట్లేదు."

తీగ దారి పట్టుకొని, బట్టల అర కిందికి పాకి, చిన్న తలుపు తీసింది. ఎర్రది ఉంది, పసుపుది ఉంది, నీలందాని చోటు ఖాళీగా ఉంది. ఫ్యూజు ఆ పెట్టె అంచుమీదే, చూడగానే కనబడేట్టు, పద్ధతిగా పడుకోబెట్టి ఉంది. తీసి వెలుతురుకు పట్టి చూసింది. లోపలి తీగ చెక్కుచెదరలేదు, కాలలేదు. తనంత తానే లేచి బయటికి వచ్చి పడుకున్న ఫ్యూజును గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అంతలో అది వేలికి అంటుకుంది. జిగటగా ఉంది. దగ్గరగా చూస్తే, ఒక వేలిముద్ర మేరకు చక్కెరపాకం. అందులో దాల్చినచెక్క పొడి.

నాడీన్ అలాగే నేలమీద ఉండి, పొయ్యివైపు తల తిప్పింది. రొట్టెచుట్టలమీది గుడ్డ ఒక మూల తొలగి ఉంది. వాటిలో ఒకటి లేదు. ఆ తర్వాత వెండెల్ గారి జేబులవైపు చూసింది. ఆయన బయట వాతావరణాన్ని పరిశీలిస్తున్నారు.

ఏ హీటరునూ బాగుచేయడానికి వెలికి రాని ఆ చేతులు, మొట్టమొదటిసారిగా, చెడగొట్టడానికి వచ్చాయి.

ఆమె ఫ్యూజును గుడ్డతో తుడిచి, దాని చోటులో నొక్కింది. గాలిమర తిరిగింది. టిక్కు టిక్కుమంది. బుస్సుమంది. లేచి, మోకాళ్ళు దులుపుకొని, అన్నగారి ఎదురుగా నిలబడింది.

లైల్ హీటరు ముందు చెయ్యి పెట్టి చూశాడు. ఆ చిన్న తలుపువైపు చూశాడు. చెల్లెలి నల్లబడిన వేళ్ళవైపు చూశాడు. టోపీ తీశాడు.

"చెయిన్ నువ్వే ఎక్కించుకునేదానివేమో అప్పుడు," అన్నాడు, "నేను ఆగి ఉంటే."

"ఏమో అన్నయ్యా. ఏడుస్తూ ఎక్కించేదాన్నేమో."

లైల్ గొంతు సవరించుకొన్నాడు. చుట్టూ చూసి, స్వరం తగ్గించాడు. "చెల్లీ, నా ట్రక్కులో కూడా వేడి రావట్లేదే. నెబ్రాస్కానుంచి కాళ్ళు కొయ్యబారిపోయి వచ్చాను. నీకు చెప్పడం నామోషీగా ఉండి ఊరుకున్నాను. కొంచెం చూస్తావా?"

"చూస్తాను పద," అంది నాడీన్. శాలువా తీసి కప్పుకొని బయటికి నడిచింది. ట్రక్కు దగ్గరకు వెళ్ళాక లైల్ ఇంజను వేసి, ముందుమూత ఎత్తి, ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు. నాడీన్ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకొంది.

"ట్రక్కుల సంగతి నాకేం తెలియదు. ముందు కళ్ళు మూసుకుని విను అన్నయ్యా. ఏమంటోంది?"

లైల్ ట్రక్కు ముందర వంగి, చెవి ఒగ్గి ఉండగా, ఆమె వెనక్కి తిరిగింది. వెండెల్ గారు మెట్టుమీద నిలబడి ఉన్నారు.

"మీ వేళ్ళకి పాకం అంటింది, కడుక్కోండి," అంది మెల్లగా.

"ఏ వేళ్ళకి?"

"నేను కనుక్కోలేకపోయి ఉంటే ఏం చేసేవారు?"

"ఊడిన ఫ్యూజు కనుక్కోలేనిదానివైతే మీ అన్నయ్యతో పోవడమే మంచిది అమ్మాయ్. అప్పుడాయన చెప్పిందే నిజమయ్యేది." వెండెల్ గారు బూటుతో మెట్టుమీది మంచు నెట్టారు. "నేను శీతాకాలం బిల్లింగ్స్‌లో మా అమ్మాయింట్లో ఉంటాను. ఎరిజోనాలో నీ హీటరు ఆగిపోతే, అక్కడిదాకా నా చేతులు రావు."

"ఆ మాట ఆదివారమే చెబితే ఏం పోయింది? ఇక్కడ అందరూ మిమ్మల్ని సోమరి అనుకుంటున్నారు."

"అననీ. సోమరివాడని తెలిస్తే ఎవరూ సాయం చెయ్యమని బలవంతపెట్టరు." ఆయన కనుబొమ్మలతో లోపలివైపు చూపించారు. "ఆ గుడ్డ కింద ఇంకా ఉన్నాయా?"

నాడీన్ తలుపు తీసి పట్టుకుంది. చేతులు రెండూ బయటికి వచ్చాయి.

గురువారం ఉదయం నాడీన్ బండి మిగతా బండ్లతోపాటు దక్షిణంగా బయలుదేరింది. ఆ తరువాత ఏడు శీతాకాలాలు ఎరిజోనాలో గడిపింది. హీటరు రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ తానే బాగుచేసుకుంది. ఆ ఎడారి శిబిరంలో ఎవరి హీటరు చెడినా ఆమెను పిలుస్తారు. ఆమె వచ్చి, చేతులు జేబుల్లో పెట్టుకొని నిలబడుతుందని ఫిర్యాదు కూడా చేస్తారు. లైల్ ప్రతి ఫిబ్రవరిలోనూ రెండు వారాలు వచ్చి ఉంటాడు. కోరా మెల్టన్ బండి అమ్మి, లారమీలో చిన్న ఇల్లు తీసుకుంది. వెండెల్ క్రోగ్ గారు 2017 తర్వాత ప్రయాణాలు మానేశారు. బిల్లింగ్స్‌లో కూతురింట ఉంటున్నారు. ఆ ఇంట్లో హీటరు పని వస్తే అల్లుడు చేస్తాడు.